మణికట్టులో సూది దారి: మాదాపూర్ నుంచి చూసిన ఒక చికిత్స చరిత్ర

పరిచయం

ఈ ఖండంలోని ముందు పాఠంలో మీరు 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాద్‌లో పనిచేసిన క్లోరోఫాం కమిషన్ల గురించి చదివారు. అది రోగి ప్రాణంతో ముడిపడిన చర్చ. ఈ పాఠంలోని విషయం అంత పెద్దది కాదు. బొటనవేలి వైపు మణికట్టులో వచ్చే ఒక నొప్పి, దానికి వేసే ఒక సూది, ఆ సూది మొన ఎక్కడికి చేరుతోందో చూపించే ఒక తెర, ఇంతే. ఈ నొప్పితో ఎవరూ చనిపోరు. అయితే చంటిబిడ్డను ఎత్తుకోలేని తల్లికి, తడిగుడ్డ పిండలేని పనిమనిషికి, మౌస్ కదపలేని ఉద్యోగికి ఇది చిన్న విషయం కాదు.

నేడు మాదాపూర్ ప్రధాన రహదారి వెంట, హైటెక్ సిటీ చుట్టుపక్కల ఉన్న ఎముకల ఆసుపత్రుల్లో, స్కానింగ్ కేంద్రాల్లో అల్ట్రాసౌండ్ సాయంతో మణికట్టుకు సూది వేయడం మామూలు పనిగా మారింది. ఈ పద్ధతి కంప్యూటర్ల వెంట వచ్చిందనీ, ఈ జబ్బు కంప్యూటర్ల వల్ల పుట్టిందనీ చాలామంది అనుకుంటారు. రెండూ సరికాదు. జబ్బుకు పేరు పెట్టి నూట పాతికేళ్ళు దాటింది. సూదిమందుకు డెబ్బై ఏళ్ళు పైబడ్డాయి. కొత్తగా వచ్చింది చూపు మాత్రమే. ఆ చూపు మన దేశంలోకి రావడానికి ఒక చట్టం గుండా రావలసి వచ్చింది. ఆ క్రమాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

రెండు తాళ్ళు, ఒక సొరంగం

కండరాన్ని ఎముకకు కలిపే తాడువంటి కణజాలాన్ని స్నాయుబంధనం అంటారని మీకు తెలుసు. డాక్టర్లు దీన్నే టెండన్ అంటారు. ముంజేతి నుంచి అరచేతి వెనక్కి, వేళ్ళలోకి వెళ్ళే టెండన్లు మణికట్టు దగ్గర ఆరు అరల గుండా సాగుతాయి. ఎముక మీద గాడి, పైన గట్టి పట్టీ, రెంటికీ నడుమ సన్నని దారి. వీటిలో మొదటి అర బొటనవేలి వైపున ఉంటుంది. బొటనవేలిని పక్కకు లాగే టెండన్ ఒకటి, దాన్ని చాచే పొట్టి టెండన్ మరొకటి అందులోంచి వెళతాయి.

మీ చేతి మీదే దీన్ని గమనించవచ్చు. బొటనవేలిని వీలైనంత వెనక్కి చాచండి. దాని మొదట్లో ఒక చిన్న గుంట ఏర్పడుతుంది. ఆ గుంటకు అరచేతి వైపు ఉన్న గట్టు ఈ రెండు టెండన్లదే. గట్టు వెంట వేలును మోచేతి వైపు జరిపితే ఎముక బొడిపె ఒకటి తగులుతుంది. మొదటి అర ఆ బొడిపె మీదే ఉంటుంది.

ఆ దారి పైకప్పు మందమైతే టెండన్లు ఇరుక్కుంటాయి. బొటనవేలు కదిపినప్పుడల్లా నొప్పి వస్తుంది. దీన్ని చాలాకాలం వాపుగా భావించారు. అయితే 1998లో బ్రిటన్‌లో వెలువడిన ఒక సూక్ష్మదర్శిని పరిశీలన, తొడుగు మందం కావడానికి కారణం వాపు కాదనీ, కణజాలం క్షీణించి అందులో జిగురు పదార్థం పేరుకోవడమేననీ చూపింది. వాపును తగ్గించే మందు వాపు లేనిచోట ఎలా పనిచేస్తోంది అనే ప్రశ్న దీంతో మొదలయింది. దానికి పూర్తి జవాబు ఇంకా రాలేదు. మందు మాత్రం చాలామందికి పనిచేస్తూనే ఉంది.

ఈ అరలో మరో చిక్కు ఉంది. కొందరిలో అరను నిలువునా రెండుగా చీల్చే పలుచని అడ్డుగోడ ఉంటుంది. అప్పుడు పొట్టి టెండన్ వేరే గదిలో ఒంటరిగా ఉంటుంది. ఈ అడ్డుగోడ పైకి కనపడదు, చేతికి తగలదు. పాఠం చివరిదాకా దీన్ని గుర్తుంచుకోండి.

బట్టలుతికే స్త్రీ నుంచి స్విస్ సర్జన్ దాకా

పనికీ, చేతి నొప్పికీ ఉన్న సంబంధాన్ని పుస్తకంలో పెట్టినవారిలో ముందుగా చెప్పవలసిన పేరు ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని. వృత్తుల వల్ల వచ్చే జబ్బులపై ఆయన గ్రంథం 1700లో వెలువడింది. 1713 నాటి కూర్పులో లేఖకుల గురించి రాస్తూ మూడు కారణాలు చెప్పాడు: ఎడతెగకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా కదపడం, తప్పు రాకూడదని మనసు బిగబట్టడం. హైటెక్ సిటీలో ఏ అంతస్తులోనైనా ఈ వాక్యాన్ని గోడకు అతికిస్తే అది నిన్న రాసిందనుకుంటారు.

1893లో వచ్చిన గ్రే శరీర నిర్మాణ శాస్త్ర గ్రంథం కూర్పులో బొటనవేలి వైపు టెండన్ల నొప్పిని బట్టలుతికే స్త్రీల బెణుకుగా పేర్కొన్నారు. అంటే వైద్యులకు ఈ జబ్బు ముందుగా ఒక పనిచేసే స్త్రీ చేతిలో కనిపించింది. తడిబట్టను పిండేటప్పుడు బొటనవేలు బిగుస్తుంది, మణికట్టు చిటికెనవేలి వైపు మెలి తిరుగుతుంది. మొదటి అర మీద ఎక్కువ ఒత్తిడి పడే కదలిక అదే.

రెండేళ్ళ తరువాత, 1895లో, స్విట్జర్లాండ్ సర్జన్ ఫ్రిట్స్ డి కెర్వాన్ ఇటువంటి ఐదుగురు రోగుల వివరాలను ప్రచురించాడు. అప్పుడాయన గడియారాల తయారీకి పేరుపొందిన లా షో ద ఫోన్ పట్టణంలో పనిచేస్తున్నాడు. మొదటి అర ఇరుకు కావడమే జబ్బు అని గుర్తించి, ఆ తొడుగును కోసి తెరవడమే చికిత్స అన్నాడు. జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది. బట్టలుతికిన స్త్రీ పేరు పుస్తకాల్లో పక్కకు తప్పుకుంది. వైద్య చరిత్రలో ఇలా జరగడం కొత్త కాదు.

1930లో న్యూయార్క్ వైద్యుడు హ్యారీ ఫింకెల్‌స్టీన్ జబ్బును గుర్తించే పరీక్ష ఒకటి చెప్పాడు. డాక్టరు రోగి బొటనవేలిని పట్టుకుని చేతిని చిటికెనవేలి వైపు చురుకుగా లాగడం ఆ పరీక్ష. బొటనవేలిని పిడికిలిలో దాచి చేతిని వంచమని నేడు చాలా క్లినిక్‌లలో చెప్పేది నిజానికి ఆయన పరీక్ష కాదు. అది 1927లో ఐక్‌హాఫ్ వర్ణించినది. రెండోది జబ్బు లేనివారిలోనూ నొప్పి పుట్టించగలదు కనుక ఈ తేడా తెలిసి ఉండటం మంచిది.

కత్తి స్థానంలో సూది

డి కెర్వాన్ తరువాత అర్ధ శతాబ్దం పాటు ఉన్న దారులు రెండే: కట్టు కట్టి చేతికి విశ్రాంతి ఇవ్వడం, లేదా కోయడం. ఆ కోత చిన్నదే. అయితే చర్మం కింద బొటనవేలి వెనుక భాగానికి స్పర్శనిచ్చే నరం శాఖలు అక్కడే పోతుంటాయి. అవి తెగితే తిమ్మిరో మంటో మిగిలిపోతుంది.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం కీళ్ళవాతంతో మంచం పట్టిన ఒక స్త్రీకి కార్టిసోన్ ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్ ముగ్గురికీ నోబెల్ బహుమతి వచ్చింది. 1951లో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ హోలాండర్ దీనికి దగ్గరి మందైన హైడ్రోకార్టిసోన్‌ను నేరుగా కీళ్ళలోకి ఎక్కించి ఫలితాలు ప్రకటించాడు. ఒళ్ళంతా మందు నింపకుండా నొప్పి ఉన్నచోటే వేయవచ్చన్న ఆలోచన అక్కడ బలపడింది. 1950ల మధ్యకల్లా డి కెర్వాన్ జబ్బుకూ హైడ్రోకార్టిసోన్ సూది వేయడం మొదలయింది.

ఇక్కడ తెలుగు పాఠకులకు తెలిసిన ఒక పేరు తగులుతుంది. భీమవరంలో 1895లో, అంటే డి కెర్వాన్ వ్యాసం వెలువడిన ఏడాదే, పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. 1948 ఆగస్టులో ఆయన మరణించాడు. హెంచ్ రోగి కార్టిసోన్ అందుకున్నది ఆ మరుసటి నెలలో. పదేళ్ళ తరువాత అదే లెడర్లీ సంస్థ ట్రయామ్సినోలోన్ అనే కొత్త స్టెరాయిడ్‌ను విపణిలోకి తెచ్చింది. ఈ మందు సుబ్బారావు కనిపెట్టినది కాదు. ఆ గౌరవాన్ని ఆయనకు అంటగట్టనవసరం లేదు, ఆయన ఖాతాలో ఉన్నవే చాలు. ఆయన నడిపిన సంస్థ నుంచి వచ్చిందన్నంత వరకే నిజం. నెమ్మదిగా కరిగే రూపంలో అదే మందు నేడు మాదాపూర్‌లో మణికట్టుకు వేసే సూదిలోనూ తరచుగా ఉంటుంది.

ఈ సూది ఎంత బాగా పనిచేస్తుంది? దాదాపు అరవై ఏళ్ళ వాడకం తరువాత కూడా గట్టి రుజువు కొద్దిగానే పోగయింది. 2009లో కాక్రేన్ సంస్థ వెలువరించిన సమీక్షలో ప్రమాణాలకు నిలిచిన ప్రయోగం ఒక్కటే దొరికింది. అందులో ఉన్నది 18 మంది గర్భిణులు, బాలింతలు. సూది వేయించుకున్న 9 మందికీ నొప్పి తగ్గింది, కట్టు మాత్రమే కట్టిన 9 మందిలో ఒక్కరికీ పూర్తిగా తగ్గలేదు. ప్రయోగం చిన్నదే గాని తేడా పెద్దది. అందులో పాల్గొన్నది ఎవరో కూడా గమనించండి. ఈ జబ్బు ఎక్కువగా వచ్చేది స్త్రీలకు, అందునా నడివయసులో ఉన్నవారికి, కొత్తగా తల్లులైనవారికి.

చూడకుండా వేసే సూది

సూదికి ఉన్న లోపం చూపు లేకపోవడం. డాక్టరు బొడిపెను వేలితో తడిమి, టెండన్ గట్టును అంచనా కట్టి, సూది గుచ్చుతాడు. అర చర్మానికి కొద్ది మిల్లీమీటర్ల లోతులోనే ఉంటుంది. అంత పైపైన ఉన్నదానికి గురి తప్పుతుందా అనిపించవచ్చు. తప్పుతుంది, రెండు విధాలుగా.

మొదటిది, మందు తొడుగులోకి వెళ్ళకుండా చర్మం కిందే ఉండిపోవడం. అప్పుడు అక్కడి కొవ్వు కరిగి చర్మం పలుచబడుతుంది, రంగు పోయి తెల్లమచ్చ ఏర్పడుతుంది. పాశ్చాత్య పుస్తకాల్లో ఇది ఒక చిన్న దుష్ఫలితంగా ఒక వాక్యంలో ముగుస్తుంది. చామనఛాయ చర్మం మీద ఆ మచ్చ దూరానికే కనిపిస్తుంది. బొల్లి వచ్చిందేమోనని ఇంట్లోవాళ్ళు కంగారుపడతారు, పెళ్ళి కావలసిన అమ్మాయి అయితే చెప్పనక్కరలేదు. నెలల తరబడి ఉండి చాలామందిలో మెల్లగా తగ్గుతుంది. మన పాఠ్యగ్రంథాల్లో దీనికి ఒక వాక్యం కంటే ఎక్కువ చోటు దక్కాలి.

రెండోది, మీరు గుర్తుంచుకున్న అడ్డుగోడ. 1998లో అమెరికాలో కొందరు చేతి సర్జన్లు మందుతోపాటు ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని కలిపి ఎక్కించి, అది ఎక్కడికి చేరిందో చూశారు. సూది చాలామందిలో మొదటి అరలోకి వెళ్ళింది. పొట్టి టెండన్ ఉన్న గదిలోకి మాత్రం అందరిలోనూ చేరలేదు. రెండు టెండన్లకూ మందు అందినవారిలోనే ఉపశమనం బాగా కనిపించింది. అంతకు ముందు సూది విఫలమైనప్పుడు జబ్బు ముదిరిందనో, మందు చాలలేదనో అనుకునేవారు. పక్క గది తలుపు తట్టి వచ్చామన్న సంగతి ఎవరికీ తెలియలేదు.

ఓడల కర్మాగారపు పరికరం

అల్ట్రాసౌండ్ అంటే మన చెవికి అందని అతిధ్వని. 1880లో పియరీ క్యూరీ, జాక్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో పాల్ లాంజవాఁ ఆ ధర్మంతోనే జలాంతర్గాములను పసిగట్టే ప్రయత్నం చేశాడు. ఆ తరువాత లోహపు దిమ్మెల్లో పగుళ్ళు వెతకడానికి ఈ ధ్వనిని వాడారు.

దీన్ని ఆసుపత్రికి తెచ్చినవారిలో ముఖ్యుడు గ్లాస్గో ప్రసూతి వైద్యుడు ఇయాన్ డొనాల్డ్. ఓడలు కట్టే ఆ ఊళ్ళో, 1955 జులైలో, ఆయన ఆపరేషన్లలో తీసిన కణితులను కారులో వేసుకుని ఒక బాయిలర్ల కర్మాగారానికి వెళ్ళాడు. లోహపు పగుళ్ళు వెతికే యంత్రంతో వాటిని పరీక్షించాడు. నీటితో నిండిన తిత్తికీ, గట్టి కణితికీ ప్రతిధ్వనిలో తేడా కనిపించింది. 1958లో లాన్సెట్ పత్రికలో ఆయన బృందం వ్యాసం వచ్చింది. ఈ యంత్రం స్త్రీల పొట్టతో, గర్భంతో ముడిపడినది ఆనాటి నుంచే.

గర్భాన్ని చూసే యంత్రం మణికట్టును చూడగలిగిందా? అప్పుడు చూడలేకపోయింది. దీనికి భౌతికశాస్త్రం కారణం. శరీరపు మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్లు ప్రయాణిస్తుంది. పొట్టకు వాడే 3.5 మెగాహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం సుమారు 0.44 మిల్లీమీటర్లు. అంతకంటే సన్నని పొరలను అది విడదీసి చూపలేదు. 15 మెగాహెర్ట్జ్‌కు పెంచితే తరంగదైర్ఘ్యం 0.1 మిల్లీమీటరుకు దిగుతుంది, అడ్డుగోడ కనిపించే అవకాశం వస్తుంది. కానీ పౌనఃపున్యం పెరిగేకొద్దీ ధ్వని లోతుకు పోలేదు. పొట్టకు ఇది లోపం, మణికట్టుకు కాదు. అటువంటి సన్నని చూపున్న ప్రోబ్‌లు 1990ల్లో విరివిగా వచ్చిన తరువాతే చేతి టెండన్లు తెర మీదికి వచ్చాయి.

ప్రోబ్ ఉంటే సరిపోదు. ప్రోబ్‌ను కాస్త వాల్చి పట్టినా ఆరోగ్యమైన టెండన్ నల్లగా, జబ్బుపడినట్టు కనిపిస్తుంది. ధ్వని దిశను బట్టి కణజాలం తీరు మారుతుందని ఆస్ట్రియా వైద్యుడు కార్ల్ డుసిక్ 1958లోనే గుర్తించాడు. యంత్రం చూపించేది నిజమే కాని, పట్టుకున్న చేతికి అది లొంగుతుంది.

2009లో బ్రిటన్ వైద్యులు అల్ట్రాసౌండ్ చూస్తూ డి కెర్వాన్ జబ్బుకు సూది వేసిన అనుభవాన్ని ప్రచురించారు. 2012లో జపాన్ నుంచి వచ్చిన ప్రయోగం మరింత సూటిగా సాగింది. పొట్టి టెండన్‌కు వేరే గది ఉన్న రోగులను ఎంచుకుని, కొందరికి చేతి అంచనాతో, కొందరికి తెర చూస్తూ సూది వేశారు. తెర చూసి వేసినవారికి నొప్పి ఎక్కువగా తగ్గింది. దీన్ని బట్టి తెర ప్రతి ఒక్కరికీ తప్పనిసరి అనలేము. అడ్డుగోడ లేనివారికి అనుభవమున్న చేయి చాలవచ్చు. అడ్డుగోడ ఉందో లేదో తెలిసేది మాత్రం తెర మీదే.

ఆలోచించండి: సూది పనిచేయలేదన్న మాటకూ, సూది చేరలేదన్న మాటకూ తేడా ఏమిటి? చికిత్సల ఫలితాలను లెక్కించేటప్పుడు ఈ తేడా ఎందుకు ముఖ్యం?

యంత్రం వెంట వచ్చిన చట్టం

1990లో విప్రో, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి బెంగళూరు కేంద్రంగా వైద్య పరికరాల సంస్థ పెట్టాయి. అల్ట్రాసౌండ్ యంత్రాలు ఇక్కడే తయారై చిన్న పట్టణాల దాకా చేరాయి. వాటిని ఎందుకు వాడారో జనాభా లెక్కలు చెబుతాయి. ఆరేళ్ళలోపు పిల్లల్లో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య దేశంలో 1981లో 962 ఉండగా, 1991లో 945కు, 2001లో 927కు పడిపోయింది.

గర్భస్థ లింగ నిర్ధారణను నిషేధించే చట్టాన్ని పార్లమెంటు 1994లో చేసింది. అది 1996 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2003లో దాన్ని మరింత బిగించారు. గర్భస్థ శిశువు లింగాన్ని పసిగట్టగల ఏ యంత్రాన్నైనా నమోదు చేయించాలి. నమోదు కాని చోటుకు యంత్రాన్ని అమ్మకూడదు. గర్భిణికి చేసే ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ నింపాలి. 2000ల మధ్యలో హైదరాబాద్ జిల్లా యంత్రాంగం స్కాన్ కేంద్రాల ఫారాలను వరుసగా తనిఖీ చేసిన తీరు దేశంలో చర్చకు వచ్చింది. 2012లో నియమాలను సవరించి, చేతపట్టుకుపోగల యంత్రాలను నమోదైన ప్రాంగణం బయట వాడటాన్ని కట్టడి చేశారు.

మణికట్టు చూసే డాక్టరుకు ఇది ఎలా తగిలింది? అనేక దేశాల్లో స్టెతస్కోపు లాగా బల్ల మీద ఉండే చిన్న యంత్రం ఇక్కడ ఒక నమోదు పత్రంతో, ఒక గదితో ముడిపడింది. ఎముకల డాక్టరు రోగిని స్కాన్ కేంద్రానికి పంపుతాడు, రేడియాలజిస్టు సూది వేస్తాడు. లేదా ఆసుపత్రి పెద్దదై రెండు విభాగాలూ ఒకే కప్పు కింద ఉండాలి. చట్టాన్ని తప్పుపట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆడపిల్లల లెక్క ముందు మణికట్టు నొప్పి చిన్నదే. ఈ చికిత్స ఊళ్ళ కంటే మాదాపూర్ వంటి చోట్ల ముందుగా స్థిరపడటానికి కారణాల్లో ఇదొకటని గుర్తించడం చరిత్ర విద్యార్థి పని.

మాదాపూర్‌లో ఎవరి మణికట్టు?

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ రంగారెడ్డి జిల్లాలో, బండరాళ్ళ మధ్య ఉన్న ఊరు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. కార్యాలయాల వెంట ఆసుపత్రులు, స్కాన్ కేంద్రాలు వచ్చాయి. మణికట్టు నొప్పికి సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల జబ్బు అన్న పేరూ ఇక్కడే వినిపించసాగింది.

ఈ పేరును జాగ్రత్తగా చూడాలి. 1908లో బ్రిటన్ తంతి ఉద్యోగుల చేతి పట్టును పరిహారం ఇవ్వదగిన జబ్బుగా గుర్తించింది. 1980ల్లో ఆస్ట్రేలియాలో కీబోర్డు ఉద్యోగుల చేతినొప్పులు పెద్ద వివాదమయ్యాయి. కొందరు వైద్యులు జబ్బే లేదన్నారు, కార్మిక సంఘాలు ఉందన్నాయి. డి కెర్వాన్ జబ్బు విషయంలో కీబోర్డు ఒక్కటే కారణమని చెప్పడానికి ఆధారాలు బలహీనం. బొటనవేలిని బిగించి మణికట్టును మెలిపెట్టే పనికి ఆధారం ఎక్కువ. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఈ మణికట్టు జబ్బు ఉంది, పదేపదే కదలిక, బలప్రయోగం, అసహజ భంగిమ కారణాలుగా. 2025 దాకా అమలులో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో 29 వ్యాధులుండేవి, ఇది ఉండేది కాదు.

ఇప్పుడు అదే సైబర్ టవర్స్ వంటి భవనంలో సాయంత్రం ఆరు తరువాత చూడండి. ఉద్యోగులు క్యాబ్‌లు ఎక్కుతుంటే హౌస్‌కీపింగ్ స్త్రీలు నేల తుడిచే గుడ్డలు పిండుతుంటారు. 1893 నాటి పుస్తకంలో ఉన్న కదలిక అదే. నెలకు 21,000 రూపాయల లోపు జీతం కనుక నమోదు సరిగ్గా జరిగితే వీరు ఈఎస్ఐ పరిధిలోకి వస్తారు. అంటే వీరు చూపించుకోవలసింది ఈఎస్ఐ డిస్పెన్సరీలో, అక్కడి నుంచి సనత్‌నగర్ ఆసుపత్రిలో. పని చేసే వీధిలోని స్కాన్ కేంద్రంలో కాదు. పై అంతస్తు ఉద్యోగికి ఆరోగ్య బీమా ఉంటుంది, అయితే అది ఎక్కువగా ఆసుపత్రిలో చేరినప్పుడే వర్తిస్తుంది. పావుగంటలో ముగిసే సూదికి ఆయన కూడా చేతి డబ్బే పెట్టుకోవాలి. ఇద్దరికీ తేడా ఆ డబ్బు ఉండటం, సెలవు దొరకడం.

మాదాపూర్‌కు దూరంగా నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలున్నారు. తునికాకును కత్తెరతో కత్తిరించి, పొగాకు పోసి, బొటనవేళ్ళతో చుట్టి, కొన మడిచి, దారం కడతారు. కూలి వెయ్యి బీడీల లెక్కన. 2025 దాకా అమలులో ఉన్న 1966 నాటి బీడీ కార్మికుల చట్టం వీరి పని గంటల గురించి, సెలవుల గురించి మాట్లాడేది. వీరికోసం బీడీ కార్మికుల డిస్పెన్సరీలు ఉన్నాయి. వీరి ఇళ్ళ ముంగిట బొటనవేలి నొప్పికి ఎక్కువగా దొరికేది బామ్, కట్టు, లేదా చేతి అంచనాతో వేసే సూది. అడ్డుగోడను చూపించగల యంత్రం జిల్లా కేంద్రంలో నమోదైన గదిలో ఉంటుంది. అక్కడికి వెళ్ళి రావడానికి ఒక రోజు పడుతుంది, ఆ రోజు చుట్టని వెయ్యి బీడీల కూలి పోతుంది.